దొరసానికి కొత్త లైట్లు

జనవరి 9

ఒరేయ్ చిన్నోడా,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం, అక్కడ నువ్వూ బాగానే ఉండి ఉంటావు. మర్యాదలు అయిపోయాయి, ఇక తిట్లు మొదలుపెడతాను. ఫోన్ చేసి తిడదామంటే మాది గోడకి వేలాడే ఫోను, నీవేమో నలభై ఏళ్లు హారన్లు పరీక్షించిన చెవులు. నేను పది మాటలంటే నువ్వు "ఆ, ఆ" అంటావు. అందుకే ఈ కాగితం.

మన దొరసాని కారు లైట్లు బొత్తిగా పాడయ్యాయి. వెలగట్లేదని కాదు. వెలుగుతూనే ఉన్నాయి, కానీ ఏం లాభం? ముందు చక్రాల దగ్గర పసుపు నీళ్లు చల్లినట్టుంటుంది, అంతకు మించి ఏమీ కనపడదు. నాన్న పోయేముందు "స్టీరింగు దానిది, వైర్లు వాడివి" అని పంచి పోయాడు కదా. నా వాటా నేను చక్కగా చూసుకుంటున్నాను. నీ వాటా సంగతేంటి?

మీ బావకి వారానికి మూడు రోజులు డయాలసిస్ అని నీకు తెలుసు. మాకిచ్చిన వేళ మధ్యాహ్నం మూడు. నాలుగ్గంటలు ఆ మిషను పక్కన కూర్చుని బయటపడేసరికి ఏడు, అప్పటికే చీకటి. అక్కణ్ణించి ముప్పావుగంట దారి. ఆయనేమో పిండేసిన గుడ్డలా వెనక్కి వాలిపోయి ఉంటారు. నేను గుడ్డి వెలుతుర్లో తడుముకుంటూ తోలాలి. ఇరవై ఆరేళ్లు డ్రైవింగ్ స్కూల్లో సగం ఊరికి కారు నేర్పినదాన్ని, ఈ మాట బయటికి చెప్పుకుంటే నవ్విపోతారు.

మా స్కూలు కొత్త కార్లకి ఎల్‌ఈడీ లైట్లున్నాయి. అవి ఎదురొస్తే పట్టపగలే. అవే నాకూ కావాలి. పాత కారు, అందం పోతుంది, ఒరిజినల్ అంటూ సోది చెప్పావంటే ఊరుకోను.

నీ అక్క

జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఒక్క పేజీ విషయానికి అయిదు పేజీలా? పలక మీద అఆలు దిద్దినట్టు అంతేసి అక్షరాలేంటి? పైగా ప్రతి వరసా కొండ దిగినట్టు కిందికి జారిపోయింది. నాకు పోయినవి చెవులే తల్లీ, కళ్లు కాదు. మామూలుగా రాయి, చదువుకోగలను.

ఇక లైట్లు. ఎల్‌ఈడీ బల్బులు కొని దొరసానికి తగిలిస్తానంటే నేను ఒప్పుకోను. నువ్వు సోది అన్నా సరే, విను. ఆ లైటు లోపల మెరిసే గిన్నె ఉంటుంది చూడు, అది పాతకాలం తీగ బల్బు కోసం చేసింది. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుతురు రోడ్డు మీద పడదు, నలుమూలలకీ చెదిరి ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడుతుంది. నీకు కాస్త కనపడ్డం కోసం వాణ్ణి గుడ్డివాణ్ణి చేస్తావా?

అసలు రోగం వేరే ఉంది. మన కార్లో లైట్లకి వెళ్లే కరెంటంతా ఆ ముసలి స్విచ్చిలోంచే పోవాలి. దారిలోనే సగం చచ్చిపోతుంది. బ్యాటరీ దగ్గర పన్నెండు వోల్టులుంటే లైటు దగ్గరికి తొమ్మిది కూడా చేరదు. అందుకే రిలే అని చిన్న డబ్బా పంపుతున్నాను. కరెంటుకి అది అడ్డదారి. మీ మెకానిక్కుకి బొమ్మ గీసి పెట్టాను. అది బిగించాక కూడా చాలకపోతే నా పేరు మార్చుకుంటాను.

నేను చేసిన వైరింగుని పసుపు నీళ్లన్నావు చూడు, ఆ మాట మాత్రం గుచ్చుకుంది. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 6

చిన్నోడా,

పేరు మార్చుకో. ఏ పేరైనా పర్లేదు.

నీ డబ్బా బిగించాం. మెకానిక్కు లైట్లేసి గోడ మీద చూపించి "అమ్మా, పెళ్లి పందిరిలా ఉంది కదా" అన్నాడు. వాడికలాగే ఉంటుంది, వాడు తోలాలా పెట్టాలా? నేను రోడ్డెక్కి చూస్తే అదే గుడ్డితనం. మొన్న ఇంటికొచ్చి లోపలికి తిప్పుతుంటే గేటు స్తంభం తలుపుని గీకేసింది. అవును, స్తంభమే గీకింది, నేను కాదు. మీ బావ "కుడికి, కుడికి" అంటూనే ఉన్నారు. "మీరు నాకు నేర్పుతారా?" అని కసురుకున్నాను. ఇంట్లోకొచ్చాక నాకే ఏడుపొచ్చింది.

ఆ మనిషిని చూస్తే గుండె తరుక్కుపోతోందిరా. గడియారం లోపలి చక్రాలని పట్టకారుతో పట్టుకున్న చెయ్యి, ఇప్పుడు నిండు గ్లాసు ఎత్తలేకపోతోంది. ఆయనకి తిండి కొలత ప్రకారం, నీళ్లు కొలత ప్రకారం. రక్తం మిషను కడుగుతుంది, బీపీ నర్సు చూస్తుంది. నాకు మిగిలింది తీసుకెళ్లి తీసుకురావడమొక్కటే. అదైనా సరిగ్గా చెయ్యనివ్వవా?

నీ ఉత్తరం ఆయనే చదివి వినిపించారు. నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనపడలేదు. కింద "క్షేమం" అని ఆయన కూడా నాలుగు ముక్కలు రాస్తారట. పోస్టులో వేసేది మాత్రం నేనే, ఆ డబ్బా దాకా ఆయన నడవలేరు.

అక్క

బామ్మర్దీ, నేను బావని. చీమ తలకాయంత అక్షరాలు రాయడం నా వృత్తి, గడియారాల మూతల లోపల తేదీలు చెక్కిన చెయ్యి. కావాలనే ఇలా రాస్తున్నాను, మీ అక్కకి ఇవి కనపడవు. లైట్లు బాగానే ఉన్నాయి. నీ పనికి వంక లేదు. చూపు పోతోంది మీ అక్కది. ఏడాదిగా చూస్తున్నాను. కూరలో రాయి కనపడదు, పేపరు తిరగేసి పట్టుకుంటుంది, కళ్లజోడు ముక్కు మీదే పెట్టుకుని వెతుక్కుంటుంది. నాకు తెలిసినట్టు దానికి తెలియదు. అద్దె కారు మాట్లాడదామన్నాను ఒకసారి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దారంతా నేను చెప్తుంటాను: మలుపు, లారీ, గేదె. కసురుతుంది కానీ వింటుంది. వెలుతురు ఎక్కువైతే కొంచెం కనపడుతుందేమో అని నా ఆశ. ఆ లైట్లు పంపు. కారణం మాత్రం దానికి రాయకు. ఇదొక్కటీ తీసేసుకుంటే మనిషి నిలబడదు.

ఫిబ్రవరి 15

అక్కా,

ఓడిపోయాను. పేరు కూడా మార్చుకున్నాను, "మొద్దు" అని.

ఉత్త బల్బులు కాదు, లైట్లకి లైట్లే మొత్తం పంపుతున్నాను. గుండ్రంగా పాతవాటి కొలతే, బయటినించి చూస్తే దొరసాని ముఖం మారదు. ఎల్‌ఈడీ కోసమే చేసిన గిన్నె కాబట్టి వెలుతురు రోడ్డు మీదే పడుతుంది. ఒక్క సంగతి మెకానిక్కుకి గట్టిగా చెప్పు. ఇప్పటి కార్లన్నిటికీ మైనస్సు వైరు బాడీకి తగిలిస్తారు, మన దొరసానికి ప్లస్సు తగిలి ఉంటుంది. పాత బల్బుకి ఎటైనా ఒకటే. ఎల్‌ఈడీకి అలా కాదు, తిరగేస్తే వెలగనే వెలగదు. నీలం టేపు చుట్టిన వైరు బాడీకి. మర్చిపోవద్దు.

ఇంకో మాట. ఈ లైటు తెలుపు మరీ ఎక్కువ, పాత కళ్లజోడుతో పడదు. ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి అద్దాలు మార్పించుకో. ఇది లైట్లు చేసినవాళ్లే కాగితం మీద రాసిచ్చారు, నా మాట కాదు. తప్పకుండా వెళ్లు. బావని కూడా తీసుకెళ్లు. వెళ్లకపోతే నా మీదొట్టే.

స్తంభం గీకిన సంగతికి నేను నవ్వలేదు. నిజంగానే నవ్వలేదక్కా.

నీ తమ్ముడు

మార్చి 10

ఒరేయ్ మొద్దూ,

నువ్వు చల్లగా ఉండాలి!

మెకానిక్కు తిరగేసి బిగించి "కాలిపోయినట్టున్నాయమ్మా" అని తల గోక్కున్నాడు. "నీలం టేపు, బాడీకి" అని నేను గద్దించాను. చప్పున వెలిగాయి. బాబోయ్, ఏం వెలుతురురా అది! రోడ్డు పక్క గడ్డి కనపడింది. మైలురాయి మీద అంకె కనపడింది. మీ బావ నోరు తెరవకముందే నేనే "అదిగో లారీ" అన్నాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో! ఇంటికొచ్చాక కారాపకుండా లైట్లేసుకుని అలాగే కాసేపు కూర్చున్నాం, సినిమాకొచ్చిన కొత్త జంటలాగా.

కంటి డాక్టరు దగ్గరికీ వెళ్లాను. అంతా బాగానే ఉందన్నాడు. కళ్లజోడు మార్చక్కర్లేదట. నీ లైట్లవాళ్లకి చెప్పు.

నిన్న ఒక కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు వేశాను, తగిలీ తగలనట్టు తగిలింది. దిగబోతే మీ బావ వద్దన్నారు, పరిగెత్తి పోయిందట. పాపం, మూగజీవం. పొద్దుణ్ణించీ అదే మనసులో మెదులుతోంది.

అక్క

అది కుక్క కాదు బామ్మర్దీ. సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్న మనిషి. నేను అరిచాను, అది బ్రేకు వేసింది, వెంట్రుకవాసిలో తప్పింది. సైకిలు పడింది, అతని మోచెయ్యి చెక్కుకుపోయింది. నేను దిగి దణ్ణం పెట్టాను. నా చేతికున్న కట్టు చూసి సైకిలు లేపుకుని వెళ్లిపోయాడు, పెద్దమనిషి. కంటి డాక్టరు దగ్గర నన్ను బయటే కూర్చోబెట్టి తనే లోపలికి వెళ్లింది. అరగంట. వచ్చి "అంతా బాగుందట" అంది. తిరిగి వస్తూ మన ఇల్లు దాటి పోయింది. నేను కాదన్నదాకా గమనించలేదు. నేను పోయాక అది బతకాలి. ఆ కళ్లతో పాటు ఒక మనిషి ప్రాణం కూడా మోసుకుంటూ బతకమంటే ఎలా? ఆలోచిస్తున్నాను.

మార్చి 18

అక్కా,

ఈ ఉత్తరం బావ చదివి వినిపిస్తారు, నాకు తెలుసు. బావా, ఒక్క ముక్క మింగకుండా చదవండి. మీకు దణ్ణం పెడతాను.

అక్కా, నీకు చూపు పోతోంది. బావకి తెలుసు, నాకు తెలుసు. నీకూ తెలుసనే నా అనుమానం. తిట్టు, పడతాను. మొన్న తగిలింది కుక్క కాదు, మనిషి. బతికిపోయాడు. ఇంకోసారి బతక్కపోవచ్చు. ఇవాళే తాళాలు బావ చేతికిచ్చెయ్.

నలభై ఏళ్లుగా ఎవరు "వెలుతురు చాలట్లేదు" అన్నా మీటరు తీసి వోల్టులు కొలిచేవాణ్ణి. నువ్వన్నా అదే చేశాను. ఆ పెద్ద పెద్ద అక్షరాలు చూసి వెక్కిరించాను కూడా. నా అంత తెలివితక్కువవాడు ఉండడు.

నీ దగ్గర నేర్చుకున్న టైలరు ఉన్నాడు కదా, బ్రేకు తొక్కమంటే కళ్లు మూసుకునేవాడు, ఇప్పుడు బాగా తోలతాడట. అతనితో మాట్లాడాను, దొరసానినే తోలతాడు, పక్క సీట్లో నువ్వే కూర్చో, తిట్టుకో. ఇక్కడ పద్దెనిమిది బస్సుల వైరింగు ఒప్పుకున్నాను, ఏప్రిల్ ఆఖరికి అయిపోతుంది. అవగానే వచ్చేస్తాను. అక్కణ్ణించి మీ డ్రైవర్ని నేనే.

కోపమొస్తే రాయి. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 2

చిన్నోడా,

నీ ఉత్తరం ఆయన చదివి వినిపించారు. లైట్ల అద్దాలు మెత్తటి గుడ్డతో తుడవమన్నావట. సరే, తుడుస్తాను. ఏప్రిల్ ఆఖరికి వస్తానన్నావు, సంతోషం. నీ గది సర్దిస్తాను.

నీకు మంచి కబురు. డయాలసిస్ ఇక వద్దన్నారట! పోయిన శుక్రవారం ఆయనొక్కరే డాక్టరుతో మాట్లాడి వచ్చి చెప్పారు. ఒంట్లో కాస్త తేరుకుందట, కొన్నాళ్లు మందులతో నడిపి చూద్దామన్నారట. నేను నమ్మలేదు, మళ్లీ మళ్లీ అడిగాను. ఆయన నవ్వుతూనే చెప్పారు. సోమవారం వెళ్లలేదు, ఇవాళ బుధవారం కూడా వెళ్లలేదు. కాళ్లు కొంచెం పొంగాయి. కూర్చుని కూర్చుని అలా అవుతుందట. తిండి మీద మనసు లేదు. ఎండలు కదా.

దొరసాని షెడ్డులో హాయిగా నిద్రపోతోంది. మేమూ పోతున్నాం.

అక్క

బామ్మర్దీ, నీ ఉత్తరం నా కోసం చదువుకున్నాను, దానికి వినిపించలేదు. నన్ను తిట్టుకో. డాక్టరు అలా అనలేదు. నేనే చాలన్నాను. టైలర్ని కూడా నేనే వద్దన్నాను. నేను మిషను మీద ఉన్నన్నాళ్లూ అది తాళాలు వదలదు, ఎవరు తోలినా ఏదో ఒకరోజు లాక్కుంటుంది. నేను దాన్ని నలభై ఒక్క ఏళ్లుగా ఎరుగుదును. నాకు భయం లేదు. ఒళ్లు బరువుగా ఉంది, నిద్ర వస్తోంది, అంతే. ఈ ఉత్తరం సంగతి దానికి ఎప్పుడూ చెప్పకు.

మే 3

అక్కా,

బావ పోయాక నీ దగ్గర పది రోజులున్నాను. చెప్పాల్సింది చెప్పలేక రోజూ షెడ్డులోకి పోయి కార్లో కూర్చుని వచ్చాను. నువ్వు "ఏం చేస్తున్నావురా అక్కడ" అంటే "వైర్లు చూస్తున్నా" అన్నాను. పిరికివాణ్ణి. ఇక్కడికొచ్చాక రాస్తున్నాను. పక్కింటి టీచరమ్మ చేత చదివించుకో.

బావ నీ ఉత్తరాల కింద రాసింది క్షేమం కాదు. అన్నీ ఈ కవర్లోనే పెడుతున్నాను. చెప్పొద్దన్నారు ఆయన. కానీ ఆ మాట ఒక్కణ్ణీ మొయ్యలేను. నేను మార్చిలో రాసిన ఉత్తరం నీ బీరువాలోనే ఉంటుంది, అదీ చదివించుకో. అందులో గుడ్డతో తుడవమని ఎక్కడా లేదు.

ఆఖరి ఉత్తరం నాకు ఆరోజు పొద్దున్న అందింది. బస్సెక్కుదామని బట్టలు సర్దుతుంటే టీచరమ్మ మెసేజీ వచ్చింది. అప్పటికే అయిపోయింది. పద్దెనిమిది బస్సులకి వైర్లు లాగుతూ కూర్చున్నాను, ఒక్క మనిషి కోసం ముందే రాలేకపోయాను. నిజం తెలిశాక కూడా నీకు లైట్లు పంపాను. ఆ లైట్లు లేకపోతే నువ్వు ఫిబ్రవరిలోనే మానేసేదానివి, అద్దె కారైనా పెట్టుకునేవాళ్లు, బావ ఉండేవారు. నేనే చంపుకున్నాను అక్కా.

నీ తమ్ముడు

మే 14

తమ్ముడికి,

ఇది టీచరమ్మ చేతి రాత. నేను చెప్తుంటే రాస్తోంది. నువ్వు పంపినవన్నీ చదివింది. మధ్యలో రెండుసార్లు ఆగి ముక్కు చీదుకుంది, పాపం, ఆవిడకేం అక్కర. నీ మార్చి ఉత్తరం కూడా చదివింది. మీ బావ అంత చక్కగా అబద్ధం చదవగలరని నలభై ఒక్క ఏళ్లలో నాకు తెలియదు. ఎక్కడా తడబడలేదు. సైకిలాయన ఎవరో కనుక్కోమని టీచరమ్మకి చెప్పాను. దొరికితే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను.

టీచరమ్మని కాఫీ పెట్టమని లోపలికి పంపాను. ఇక్కణ్ణించి నేనే రాస్తున్నాను. అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో తెలియట్లేదు, ఒకదాని మీద ఒకటి పడితే నువ్వే విడదీసుకో.

కంటి డాక్టరు అంతా బాగుందనలేదు. చూపు మధ్యలో మచ్చ పడిందనీ, అది పెరుగుతుందే తప్ప తగ్గదనీ, కారు ముట్టుకోవద్దనీ చెప్పాడు. బయటికొచ్చి మీ బావతో అబద్ధమాడాను. మీ బావ నాతో ఆడారు. ఇద్దరం ఇద్దరమే.

నువ్వు చంపలేదురా. మీ బావ కూడా తనంతట తాను పోలేదు. నేను చెప్పేది విను, ఇంకెవరికీ చెప్పలేను. ఆ శుక్రవారం ఆయన వచ్చి "ఇక వద్దన్నారు" అన్నప్పుడు, అది నిజం కాదని నాకు తెలుసు. నాలుగేళ్లు ఆ మిషను పక్కన కూర్చున్నదాన్ని, రెండు సార్లు మానేస్తే ఏమవుతుందో నాకు తెలియదా? ఎదుటి మంచం ఆయన అలా మానేసి వారంలో పోయాడు. డాక్టర్ని నేనొక్కసారి ఫోన్లో అడిగితే సరిపోయేది. ఫోను గోడకే ఉంది. అడగలేదు. ఆయన్ని మళ్లీ మళ్లీ అడిగాను, ఎందుకంటే ఆయన చెప్పిన మాట మార్చరని తెలుసు.

భయమేసిందిరా. సైకిలు పడ్డ చప్పుడు నాకు వినపడింది. కుక్క పడితే ఇనుము మోగదు. ఆ తర్వాత స్టీరింగు పట్టుకున్న ప్రతిసారీ అదే చప్పుడు వినపడేది. అద్దె కారు పెట్టుకుందాం అనే ఒక్క మాట అంటే చాలు, అది అంటే నాకు కనపడట్లేదని ఒప్పుకున్నట్టు. అనలేదు. ఆయన ఇక వద్దన్నారు, నేను "అలాగే" అన్నాను.

ఆ సోమవారం బయల్దేరే వేళ అయింది, రెండు కొట్టింది. నేను తాళాలు తియ్యలేదు. ఆయన చెప్పులు వేసుకోలేదు. ఇద్దరం వసారాలో కూర్చుని కాఫీ తాగాం. ఆయన ఏవో పాత కబుర్లు చెప్తున్నారు, నేను నవ్వుతున్నాను. ఆ పూట నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. ఆ హాయిని తల్చుకుంటే ఇప్పుడు ఆ వసారాలో కూర్చోలేకపోతున్నాను.

అక్క